నిశానీ

గ్రిమ్స్‌బీ, ఫ్రీమన్ స్ట్రీట్ మార్కెట్లో
బూట్ల కొట్టుకీ గుడ్ల కొట్టుకీ నడుమ
రీమాస్ గాజుపెట్టె.
అందులో వెల్లకిలా పడుకున్న పాత ఫోన్లు,
ఒక్కోదాని నుదుటి మీద ఒక్కో ధర.

"ఏం కావాలి?" అన్నాడు.
ఏం కావాలో చెప్పడం నాకెప్పుడూ కష్టమే.
ఎంత ఉందో చెప్పాను ముందు:
తొంభై పౌన్లు.
అద్దె పోగా, బస్సు పాసు పోగా,
హీటరు మింగింది పోగా,
మూడు వారాలు మధ్యాహ్నం ఉత్త బ్రెడ్డుతో సరిపెట్టగా
మిగిలిన తొంభై.

పాతది మొన్న ఐసు తొట్టిలో పడింది,
హాడాక్ చేపల మధ్య, హాడాక్ చేపలాగే
వెలుగుతున్న కన్ను మూయకుండా.
బియ్యం డబ్బాలో పెట్టాను మూడు రోజులు.
లేవలేదు.
ఆ బియ్యం మాత్రం వండుకున్నాం.

"కెమెరా చూసి కొనవే," అంది నా గదిలో ఉండే హేమనళిని,
"మూడు కళ్ళుండాలి కనీసం."
త్రినేత్రం నాకెందుకు?
నేను ఫొటో తీసేది వారానికొకటి,
శుక్రవారం గోడకంటించే షిఫ్టుల కాగితం.
దాంట్లో నా పేరు ఎప్పుడూ తప్పే,
గంటలు సరిగ్గా ఉంటే చాలు.

నాకు కావలసింది, రీమాస్,
తెల్లవారుజాము నాలుగూ పదికి
గోడ అవతలివాళ్ళు లేవకుండా నన్ను లేపేది.
నలభై శాతం చూపిస్తూ చూపిస్తూ
చలికి బస్టాపులో టక్కున కళ్ళు తేలేసే రకం వద్దు.
స్పీకరు గట్టిగా ఉండాలి,
పోపు చిటపటల్లో కూడా అక్క తిట్లు వినపడాలి.
రెండు సిమ్ములు పట్టాలి.
ఒకటి ఇక్కడిది.
రెండోది నరసరావుపేటలో తీసుకున్నది.
దానికిప్పుడు ఎవరూ చెయ్యరు.
బ్యాంకు ఓటీపీ వస్తుంది ఎప్పుడో,
ఆరంకెలు, పది నిమిషాల ఆయుష్షు.
అయినా నెలనెలా రీఛార్జి పోసి
ఆ నంబరుని బతికించుకుంటున్నాను.

నూట అరవైది చూపించాడు.
చేతిలోకి తీసుకున్నాను, అద్దంలా ఉంది,
తీసుకున్నంత మెల్లగానూ కింద పెట్టాను.
రెండు వందలది తియ్యబోయి
నా మొహం చూసి ఆగాడు.
అడుగు అరలోంచి ఒకటి తీశాడు.
నల్లది, మూల కాస్త చెక్కుకుపోయింది,
బ్యాటరీ తనే కొత్తది వేశాడట.
ఎనభై అయిదు.
"బొద్దుగా ఉందే," అన్నాను, బేరానికి పనికొస్తుందని.
"బొద్దుగా ఉంది కనకే రెండు రోజులు నడుస్తుంది."
డెబ్భై ఎనిమిదికి తెగింది.

"వేలు పెట్టు, తాళం వేసుకో."
పెట్టాను.
గుర్తుపట్టలేదు, మళ్ళీ పెట్టమంది.
తుడిచి పెట్టాను. ఊది పెట్టాను.
చూపుడువేలు. ఎడమ బొటనవేలు.
ఏడుసార్లు.
ఐసూ ఉప్పునీళ్ళూ రబ్బరు గ్లవుజులూ కలిసి
నాలుగేళ్ళలో నా గీతలన్నీ నాకేశాయి.

మా నాయనమ్మ రేషన్ కొట్లో
బొటనవేలు సిరాలో అద్దేది.
"వేలిముద్ర బాపతు," అని క్యూలో నవ్వేవాళ్ళట.
ఈ వంశంలో ఇంకెవరి వేలికీ ఆ సిరా అంటకూడదని
పట్టుబట్టి అందరికీ పలకలు కొంది.
నేను ఎమ్‌కామ్ దాకా వచ్చాను.
ఇప్పుడీ పెట్టె
సంతకం వద్దంటోంది, వేలిముద్రే కావాలంటోంది.
అది ఆవిడ దగ్గర ఉండేది,
నిక్షేపంలా, సుడులు సుడులుగా.

రీమాస్ తన బొటనవేలు చూపించాడు.
అరిగిన సబ్బుబిళ్ళలా నున్నగా.
కొట్టు పెట్టకముందు తొమ్మిదేళ్ళు
మా ఫ్యాక్టరీలోనే కత్తి పట్టాడట.
"చుక్కలు కలుపు," అన్నాడు.

తొమ్మిది చుక్కలు.
నాయనమ్మ పేరులో మొదటి అక్షరం గీద్దామనుకున్నాను.
మన అక్షరాలకి మూలలుండవు కదా,
చుక్క చుక్క దగ్గరా విరిగి విరిగి
చివరికి గాలంలా తయారైంది.
ఏ అక్షరమో చెప్పను.

కవరు నాలుగు పౌన్లన్నాడు, వద్దన్నాను.
పక్క కొట్లో డజను గుడ్లు కొని
ఫోన్ని ఉన్ని మేజోడులో దూర్చుకుని బయటికొచ్చాను.
రేవు వైపు నుంచి గాలి కోస్తోంది.
బస్టాపులో తీసి చూశాను,
డెబ్భై ఒక్క శాతం.
బస్సు రాలేదు.
పది నిమిషాలాగి మళ్ళీ చూశాను,
డెబ్భై ఒకటే.